ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడువందల డెబ్బై ఏడు

మా తాతయ్య బతుకంతా ఇత్తడి బిళ్ళల మీద అంకెలు కొట్టాడు. పెద్ద కార్ఖానాల గేటు దగ్గర పనివాళ్ళు తీసుకునే బిళ్ళ, ఈత కొలనులో బట్టల పెట్టె తాళానికి వేలాడే బిళ్ళ, సంచీ అప్పగిస్తే గుర్తుగా చేతిలో పెట్టే బిళ్ళ, అన్నీ ఆ చేతి మీదుగా పోయినవే. గుండ్రంగా ఉండేవి. పైన చిన్న కన్నం, నడుమ అంకెలు. ఎవరు ఆర్డరిచ్చినా ఒకటి మొదలుకుని వెయ్యిలోపువి తీగకి గుచ్చి దండలా పంపేవాళ్ళు.

ఆ పని జరిగిన రేకుల షెడ్డు నేను చిన్నప్పుడు చూశాను. వెళ్ళగానే నాలుక మీదికి ఇత్తడి రుచి వచ్చేది. ఇనుప దిమ్మ మధ్యలో బిళ్ళంత గుంట. అందులో బిళ్ళ పెట్టడం, ఎడమచేత్తో అంకె ముద్ర నిలబెట్టడం, కుడిచేత్తో సుత్తి ఒక్క దెబ్బ. అంకెకి ఒక దెబ్బ. రెండో దెబ్బ పడితే అంకె నీడపడ్డట్టు రెండుగా కనిపిస్తుంది, బిళ్ళ దండగ. తాతయ్య ఎడమ బొటనవేలు అప్పడంలా చదునుగా ఉండేది. ఎంతమంది పిల్లలు దాన్ని పట్టుకుని చూసినా విసుక్కునేవాడు కాదు. "ఇది నా మొదటి వెయ్యి బిళ్ళల గుర్తు" అని గొప్పగా చూపించేవాడు. గొప్పలకి లోటు లేని మనిషి.

పక్కన రేకులోంచి బిళ్ళలు కత్తిరించే ఆయన ఉండేవాడు. ఆయన తల మీద మచ్చుకైనా ఒక వెంట్రుక లేదు కాబట్టి షెడ్డంతా ఆయన్ని సున్నా అనేది. నాకు సున్నా తాత. ఇద్దరూ పాతికేళ్ళ కుర్రాళ్ళప్పటి నుంచీ రోజూ పోట్లాడుకుంటూ ఉన్నారు, అందువల్ల విడిపోవడానికి తీరిక దొరకలేదు.

ఆ షెడ్డులో ఒక నమ్మకం ఉండేది. ఆర్డరిచ్చినవాళ్ళు ఏడాదికోసారి పోయిన బిళ్ళల నంబర్లు రాసి, మళ్ళీ కొట్టించుకునేవాళ్ళు. వీళ్ళ పెద్ద మేస్త్రి ఆ నంబర్లు చూసీ చూసీ ఒక సిద్ధాంతం తేల్చాడు. రెండుతోనో మూడుతోనో ఏడుతోనో శేషం లేకుండా తెగే సంఖ్య పోతుంది. దేనితోనూ తెగని సంఖ్య పోదు. వాటిని వాళ్ళు మొండివి అనేవాళ్ళు. "పంచుకోగలిగిన వస్తువైతే చేతులు మారుతుంది. చేతులు మారితే పోతుంది. మొండిదాన్ని ఎవడూ పంచుకోలేడు, ఉన్నచోటే పడుంటుంది" అని మేస్త్రి వివరణ. ఎప్పుడైనా పోయినవాటిలో మొండి నంబరు కనిపిస్తే, "ఇది పోలేదు, ఎవడో కొట్టేశాడు" అని తేల్చేసేవాళ్ళు. సిద్ధాంతానికి మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

కాబట్టి కొత్తగా పనిలో చేరినవాడు ముందుగా మొండివి నోటికి నేర్చుకోవాలి. వందలోపువి తాతయ్యకి బళ్ళో వచ్చాయి. వంద దాటినవి షెడ్డులో వచ్చాయి. సుత్తి దెబ్బకి ఒకటి చొప్పున పాటలా చదివేవాళ్ళు. నేను ఆ పాట వింటూ నిద్రపోయిన పిల్లని. జోలపాడమని అమ్మ చేతికిస్తే తాతయ్య నన్ను చదునైన బొటనవేలితో జోకొడుతూ నూట ఒకటి, నూట మూడు, నూట ఏడు, నూట పదమూడు అంటూ మొదలుపెట్టేవాడట. మూడువందలు దాటకముందే నిద్రపోయేదాన్నట. నాకు లెక్కలు రాకపోవడానికి అదే కారణమని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికీ లెక్క కనిపిస్తే ఆవులింత వస్తుంది. తొమ్మిదో తరగతిలో బడికీ నాకూ చెడింది. అప్పటినుంచి చెప్పుల కొట్లో పెట్టెలు అందిస్తున్నాను. బడి నన్ను భాగించగా మిగిలాను కాబట్టి తాతయ్య నాకు శేషం అని పేరు పెట్టాడు.

మొండివే కాదు, ఆయన దగ్గర సంఖ్యలకి ఇంకా జాతులుండేవి. ఒక సంఖ్యను తెగ్గొట్టే చిన్న సంఖ్యలన్నీ కూడితే మళ్ళీ అదే వస్తే అది నిండు. ఆరుని ఒకటీ రెండూ మూడూ తెగ్గొడతాయి, ఆ మూడూ కూడితే ఆరు. నిండు. పన్నెండుకి అలా కూడితే పదహారొస్తుంది, అది పొంగు. ఎనిమిదికి ఏడే వస్తుంది, అది వెలితి. ఈ లెక్కలో మా అమ్మమ్మని కూడా వదల్లేదు. మొదటిసారి ఎదురుపడ్డప్పుడే వయసు అడిగి, ఆవిడ పంతొమ్మిది అనగానే "మొండి" అన్నాడట, ముఖం వెలిగిపోతూ.

"నా గురించి ఎవరో చాడీలు చెప్పారనుకున్నా" అనేది అమ్మమ్మ. "తర్వాత తెలిసింది, మీ తాతయ్య వరసకి అది మెచ్చుకోలని. అప్పటికే పెళ్ళయిపోయింది, ఏం చేస్తాం."

ఆవిడ ఇంట్లోనే బడిపిల్లల బట్టలు కుట్టేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా తాతయ్యని నాలుగు మాటలనగలిగేది. ఏటేటా ఆవిడ వయసు మారినప్పుడల్లా ఆయన జాతి చెప్పేవాడు. ఇరవై ఎనిమిది నిండు, ఆ ఏడే మా అమ్మ పుట్టింది. ముప్ఫై ఆరు పొంగు, ఆ ఏడు ఇంట్లో మాటలు పొంగిపొర్లాయి. ముప్ఫై ఏడు మొండి, ఆ ఏడు అసలు మాటల్లేవు. పోయిన ఏడు అరవై ఏడు. మొండి. జలుబు కూడా చెయ్యలేదు. ఈ ఏడు అరవై ఎనిమిది. "వెలితి" అన్నాడు తాతయ్య, మామూలుగానే. అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "కనపడుతూనే ఉంది, దారం ఎక్కట్లేదు" అంది.

అప్పటికి షెడ్డు మూతబడి చాలా కాలమైంది. గేట్ల దగ్గర ప్లాస్టిక్ కార్డులొచ్చాయి. ముద్రల పెట్టె ఎవరో తూకానికి తీసుకుపోయారు. తాతయ్యకి చెయ్యడానికి పని లేకపోయినా చూడ్డానికి నంబర్లున్నాయి. బస్సులు, తలుపులు, కరెంటు స్తంభాలు. ఆయనతో వీధిలో నడవడమంటే గోడకు అంటించిన ప్రతి కాగితాన్నీ చదివే మనిషితో నడవడమే.

అమ్మమ్మ కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, కాళ్ళు బరువెక్కి ఆసుపత్రిలో చేర్చినప్పుడు నర్సు ఆవిడ మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ కట్టింది. పట్టీ మీద 654377. మేమందరం డాక్టరు కోసం చూస్తుంటే తాతయ్య ఆ పట్టీ మీదికి వంగాడు.

"ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడువందల డెబ్బై ఏడు" అన్నాడు. "బేసి. చివర ఏడు, ఐదుతో తెగదు. అంకెలు కలిపితే ముప్ఫై రెండు, మూడుతో తెగదు. ఒకటి విడిచి ఒకటి కలిపితే పదిహేడూ పదిహేనూ, తేడా రెండే, పదకొండుతోనూ తెగదు."

"ఏంటి తాతగారూ, నంబరు తప్పు పడిందా?" అని నర్సు అడిగింది.

"లేదమ్మా. బాగా పడింది" అన్నాడు. ఆయన గొంతులో అప్పుడు విన్న ఆశ నాకు బొత్తిగా నచ్చలేదు.

మర్నాడు నా పాత పలక సంచీలో పెట్టుకొచ్చాడు. వార్డు బయట హాల్లో ఒకే కడ్డీకి బిగించిన కుర్చీల వరస ఉంది, మధ్యలో ఒక కుర్చీ ఊడిపోయింది. ఆ ఖాళీ పక్కన కూర్చుని, పలక మోకాళ్ళ మీద పెట్టుకుని భాగించడం మొదలుపెట్టాడు. ఏడుతో శేషం మూడు. పదమూడుతో తొమ్మిది. పదిహేడుతో పదమూడు. ఒక్కోటి అయ్యాక తడిగుడ్డతో తుడిచేసేవాడు. కళ్ళలో పొర ఉంది కాబట్టి పలక ముక్కుకి ఆనించుకుని రాసేవాడు. ముక్కు చివర సుద్ద అంటుకునేది.

"తాతయ్యా, నా ఫోనులో లెక్కలు చేసేది ఉంది. మీటలు నొక్కితే చాలు" అన్నాను.

"ఫోను చేస్తే ఫోనుకి తెలుస్తుంది. నాకేం తెలుస్తుంది శేషం?"

"తెలిసి ఏం చేస్తావు?"

ఆయన తడిగుడ్డ పిండుకున్నాడు. తర్వాత పలక తుడుస్తూ, "మొండిదైతే పోదు" అన్నాడు. బిళ్ళ సంగతి చెబుతున్నట్టే అన్నాడు. నవ్వుదామనుకున్నాను. నవ్వు నోటిదాకా వచ్చి ఆగింది.

డాక్టరమ్మ చిన్న వయసుదే, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఒక మధ్యాహ్నం అమ్మనీ తాతయ్యనీ నన్నూ పక్క గదిలో కూర్చోబెట్టింది.

"లివరు దాదాపు పూర్తిగా పోయింది. మేము ఇక్కడ చేసేది నొప్పి తగ్గించడం, నీరు తీయడం. నయమవుతుందని నేను చెప్పలేను" అంది. "ఆవిడ రోజూ ఇంటికి పంపమని అడుగుతున్నారు. ఇప్పుడైతే మాట తేటగా ఉంది, అందర్నీ పోల్చుకుంటున్నారు. ఈ జబ్బులో అది ఎన్నాళ్ళో ఉండదు. ఒంట్లో విషం మెదడుకి ఎక్కుతుంది. తర్వాత ఇంటికి తీసుకెళ్ళినా అది ఇల్లని ఆవిడకి తెలియకపోవచ్చు. తీసుకెళ్ళాలనుకుంటే ఇప్పుడే మంచిది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య, "లెక్క సగంలో ఉందమ్మా" అన్నాడు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఆసుపత్రి ఖర్చు లెక్క అనుకున్నట్టుంది, ఏం ఫర్వాలేదు, తర్వాత చూసుకోవచ్చంది.

బయటికొచ్చాక అమ్మ ఆయన్ని పట్టుకుంది.

"నాన్నా, అమ్మ అడుగుతోంది కదా."

"అడుగుతుంది. మందు చేదుగా ఉందని కూడా అంటుంది. మానేద్దామా?"

"డాక్టరు చెప్పింది విన్నావు కదా."

"విన్నాను. నయం కాదనలేదు. నయమవుతుందని చెప్పలేనంది. తనకి తెలీదు. అందుకే నేను చూస్తున్నా."

ఇంటికి పంపాలంటే సంతకం ఆయనది కావాలి. ఆయన మాట కాదని అమ్మ ఈ వయసులో కొత్తగా ఏం చేస్తుంది? మా అమ్మకి తండ్రితో వాదించడం రాదు. ఏడుస్తుంది, లేదా గిన్నెలు తోముతుంది. ఆసుపత్రిలో తోమడానికి గిన్నెలు లేవు.

ఒకరోజు సాయంత్రం నేను కొట్టు నుంచి వచ్చేసరికి తాతయ్య ఊడిన కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా సుద్దపొడి. ఏడువందల తొంభై ఏడుతో కూడా తెగలేదట, శేషం నలభై. ఆపైన ఉన్నవాటితో చూడక్కర్లేదట. ఆపైవాటిలో దేన్ని దాంతోనే హెచ్చించినా మన సంఖ్యను దాటిపోతుందట.

"మొండి" అన్నాడు. "ఆరు లక్షల పైచిలుకు సంఖ్య, ఒకటీ తనూ తప్ప ఇంకేం దిక్కులేదు దానికి. నా బతుకులో ఇంత పెద్ద మొండిదాన్ని చూడలేదు." కళ్ళ వెంట నీళ్ళు కారి సుద్దలో చారలు పడ్డాయి. నేను నా జేబురుమాలు తీసి ఆయన ముక్కు తుడిచాను. సంతోషంగా ఉన్న మనిషిని అంత జాలిగా నేనెప్పుడూ చూడలేదు.

లోపలికెళ్ళి అమ్మమ్మకి చెప్పాడు. ఆవిడ దిండు మీద తల తిప్పి ఆయన్ని చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి గాని నాలుక అలాగే ఉంది.

"అయితే ఇంటికి ఎప్పుడు?"

"బాగయ్యాక. నీకేం కాదు, నంబరు చూశాను కదా."

"ఏవండీ, నా నంబరు చూడకండి, నన్ను చూడండి."

ఆయన చూశాడు. చూస్తూనే పట్టీ సరిచేశాడు.

ఆయన టీ తాగడానికి వెళ్ళగానే అమ్మమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు చల్లగా తగిలాయి.

"మీ తాతయ్య నన్నొక నంబరుకి కట్టేశాడే. విప్పేదాకా ఇక్కడే ఉంచుతాడు. నీ ఫోనులో ఆ నంబరు విరగ్గొట్టలేవూ?"

"నేనా? నేను లెక్కల్లో తప్పాను కదమ్మమ్మా."

"అందుకే నిన్ను అడుగుతున్నా. ఆ లెక్క వచ్చినవాళ్ళందరూ మీ తాతయ్య మాటే అంటారు. నాకు నా మంచం మీద పడుకోవాలనుంది. కుట్టుమిషను పక్కన. గోడ వైపు తిరిగితే నా చీరెల పెట్టె కనపడాలి. అంతే. తర్వాత ఏదయితే అదవుతుంది."

ఆ రోజు నుంచి నొక్కడం మొదలుపెట్టాను. మొండివి ఏవో నాకు తెలీదు. జోలపాట మూడువందల దాకే విన్నాను, అదీ నిద్రలో. అందుకని సరిసంఖ్యలు వదిలేసి, మూడు నుంచి వరసగా అన్ని బేసి సంఖ్యలతోనూ కొట్టుకుంటూ పోయాను. తెలివున్నవాళ్ళు చెయ్యని పని. కొట్లో పెట్టెల వెనక, బస్సులో కడ్డీ పట్టుకుని, హాల్లో తాతయ్యకి వీపు పెట్టి. ప్రతిసారీ జవాబులో చుక్క, చుక్క తర్వాత బారెడు అంకెలు, అంటే తెగలేదని. ఎక్కడున్నానో మర్చిపోయి వెనక్కి వెళ్ళేదాన్ని. ఈలోగా అమ్మమ్మ మాట మారడం మొదలైంది. ఒకరోజు అమ్మని నర్సు అనుకుంది. ఒకరోజు పొద్దుటిపూటని సాయంత్రం అనుకుంది. మళ్ళీ తేటపడి, నన్ను చూసి కన్ను గీటి, "ఎక్కడిదాకా వచ్చావే?" అనేది. "నాలుగువందలు దాటానమ్మమ్మా." "తొందరగా." దేనికి తొందరో ఇద్దరికీ తెలుసు.

సున్నా తాత చూడ్డానికొచ్చిన రోజు అమ్మమ్మ పొద్దుటి నుంచీ మగతలో ఉంది. హాల్లో తాతయ్యా ఆయనా ఊడిన కుర్చీకి చెరో పక్కనా కూర్చుని ఆ సంఖ్యను మెచ్చుకుంటున్నారు.

"అన్నిటితోనూ చూశావురా?"

"ఒక్కటి వదల్లేదు. పాట మొదలు నుంచీ ఏడువందల తొంభై ఏడు దాకా."

"నీ పాట మీద నాకు నమ్మకం లేదు. ఐదువందల్లో నువ్వు ఎప్పుడూ తడబడేవాడివి."

"నువ్వు చదువు, నేను వింటా."

సున్నా తాత మోకాలి మీద దరువేస్తూ చదివాడు. తాతయ్య పెదాలు కదుపుతున్నాడు. వాళ్ళ వెనక గోడకి ఆనుకుని నేను నొక్కుతున్నాను. ఆరువందల ఎనభై తొమ్మిది, చుక్క. ఆరువందల తొంభై ఒకటి. 947. చుక్క లేదు.

ఫోను పాడైందనుకుని మళ్ళీ నొక్కాను. 947. అప్పటికి సున్నా తాత పాట అక్కడికే వచ్చింది. "ఆరువందల డెబ్బై ఏడు, ఆరువందల ఎనభై మూడు, ఏడువందల ఒకటి, ఏడువందల తొమ్మిది."

"తాతయ్యా" అన్నాను. "ఆరువందల తొంభై ఒకటితో చూశావా?"

"అది లేదు" అన్నాడు తాతయ్య.

"లేకపోవడమేంటి? ఆరువందల తొంభై తర్వాత ఏం వస్తుంది?"

"ఆరువందల తొంభై రెండు" అన్నారిద్దరూ, ఒకేసారి, ఏమాత్రం తడుముకోకుండా.

నేను నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. వాళ్ళు నవ్వలేదు. నేనేదో తెలియక అడిగినట్టు సున్నా తాత ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. బిళ్ళ గుండ్రం. చేతిలో పట్టుకున్నవాడు కన్నం ఎటుందో చూడడు, దానికి తల ఏదో కాలు ఏదో తెలీదు. 691 కొట్టిన బిళ్ళను తలకిందులుగా పట్టుకుంటే 169. అలా ఒకసారి ఒక పెద్దమనిషి కోటు ఇంకొకడు తొడుక్కుపోయి రచ్చయిందట. అప్పటినుంచి తిరగేస్తే వేరే సంఖ్యగా మారే బిళ్ళలు ఏ దండలోనూ ఉండకూడదని పెద్ద మేస్త్రి మాట. కొట్టని బిళ్ళ పోయేదీ లేదు, ఉండేదీ లేదు. అది మొండిదా కాదా అని ఎవడికి కావాలి? అందుకని పాటలో పెట్టలేదు.

"కొట్టం మేము దాన్ని. పుట్టలేదు అది" అన్నాడు సున్నా తాత.

నేను ఫోను తాతయ్య ముక్కు దగ్గర పెట్టాను. ఆయన చూడలేదు. పలక తీసుకున్నాడు. ఆరువందల తొంభై ఒకటి అని రెండుసార్లు తుడిచి రాశాడు. తొమ్మిది. నాలుగు. ఏడు. కింద తీసివేశాడు. సున్నా.

హాల్లో మంచినీళ్ళ డబ్బా కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"మనం కొట్టని బిళ్ళరా అది" అన్నాడు సున్నా తాత, గొంతు తగ్గించి. "లెక్కలోకి రాదు."

"మన షెడ్డు సంగతి సంఖ్యకేం తెలుసురా" అన్నాడు తాతయ్య.

పలక తుడవలేదు. కుర్చీ మీద బోర్లా పెట్టి లేచాడు. వార్డులోకి కాకుండా డాక్టరమ్మ గది వైపు నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తే అక్కడ పెట్టాడు. ఆవిడ మందులు ఎలా వెయ్యాలో చెబుతుంటే తల ఊపాడు గాని విన్నది నేను. వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, మీరు చెప్పిన రోజే తీసుకెళ్ళుంటే?" అని అడిగాడు.

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "అప్పుడు తెలిసేది తాతగారూ" అంది. "ఇల్లని తెలిసేది."

అబద్ధమాడితే ఏం పోయేదని ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది నిజాన్నే కదా.

మర్నాడు పొద్దున్నే వ్యానులో ఇంటికి తెచ్చాం. మెట్ల దగ్గర స్ట్రెచరు మలుపు తిరగలేదు, దుప్పట్లో పెట్టి నలుగురం మోశాం. అమ్మమ్మ మంచం కుట్టుమిషను పక్కనే వేసి ఉంది. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. చీరెల పెట్టె కనపడేలా గోడ వైపు తిప్పి పడుకోబెట్టాం. అమ్మ కిటికీ తెరిచింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

అమ్మమ్మ కళ్ళు తెరిచి అంతా చూసింది. పైకప్పు, మిషను, పెట్టె. ఆ కళ్ళు దేని మీదా నిలవలేదు.

"వార్డు మార్చారా?" అంది.

"ఇల్లే అమ్మా" అంది అమ్మ. "మన ఇల్లు. నీ మంచం."

అమ్మమ్మ మర్యాదగా తల ఊపింది, కొత్తవాళ్ళ మాట కాదనకుండా ఊపినట్టు. తర్వాత తాతయ్య వైపు తిరిగి, "ఏవండీ, ఇంటికి ఎప్పుడు?" అంది.

తాతయ్య ఆవిడ కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు. పిడికి గుడ్డపీలిక చుట్టిన కత్తెర, ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. వేళ్ళు వాటంతట అవే పిడిలోకి దూరాయి. రెండుసార్లు గాలిని కత్తిరించింది.

"మా ఇంట్లోనూ ఇలాంటిది ఉంది" అంది. "ఎవరిదో, ఇచ్చెయ్యండి. వెతుక్కుంటారు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ముందేసుకుంది. కడిగినవే మళ్ళీ కడిగింది. నాకు తోచిన వేషాలన్నీ వేశాను. పక్కింటావిడలా గొంతు మార్చి బయట నుంచి అమ్మమ్మని పిలిచాను. మిషను తొక్కి చప్పుడు చేశాను. ఆవిడ నన్ను చూసి నవ్వింది, నన్ను పోల్చుకునే నవ్వింది. "ఎక్కడిదాకా వచ్చావే?" అంది. "విరగ్గొట్టానమ్మమ్మా" అన్నాను. "ఆరువందల తొంభై ఒకటీ, తొమ్మిదివందల నలభై ఏడూ. రెండు ముక్కలు." "మంచిపిల్లవి" అంది. "అయితే రేపు ఇంటికి పోవచ్చు."

రేపులు అలాగే నడిచాయి. ఆవిడ అడగడం, తాతయ్య వచ్చేశాం అనడం, ఆవిడ ఊరుకోవడం, మళ్ళీ అడగడం. వచ్చేశాం అన్నప్పుడల్లా ఆవిడ కళ్ళలో ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అన్నట్టు ఒక చూపు. ఆ చూపుకి తట్టుకోలేక ఒకరోజు తాతయ్య స్క్రూడ్రైవరు తీసుకుని బయటికెళ్ళి మా తలుపు మీది ఇత్తడి పలక ఊడదీసుకొచ్చాడు. మా ఇంటి నంబరున్న పలక. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో షెడ్డులో తన చేత్తో కొట్టుకున్నది. దాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టి, ఆవిడ వేలు పట్టుకుని అంకెల మీద నడిపించాడు.

అమ్మమ్మ ముఖం మొదటిసారి మారింది.

"ఇది మాదే" అంది.

"కదా" అన్నాడు తాతయ్య. "మనదే. చూడు. మనం ఇంట్లోనే ఉన్నాం."

"మాదాన్ని ఎందుకు పీక్కొచ్చారు? తలుపు మీద ఇది లేకపోతే నేను వచ్చేటప్పుడు ఇల్లెలా పోల్చుకోను? వెళ్ళి బిగించి రండి. ఇప్పుడే వెళ్ళండి."

తాతయ్య నా వైపు చూశాడు. నేను స్క్రూడ్రైవరు అందించాను. ఆయన పలక తీసుకుని బయటికి వెళ్ళాడు. నేను కాసేపాగి గుమ్మంలోకి వచ్చాను. పలక తలుపు మీద ఉంది, నాలుగు మూలలా మరలు బిగుసుకుపోయి ఉన్నాయి. అయినా స్క్రూడ్రైవరు పెట్టి తిప్పుతూనే ఉన్నాడు, నుదురు తలుపుకి ఆనించి.

"ఏవండీ" అని లోపల్నుంచి అమ్మమ్మ పిలిచింది. "బండి వచ్చిందా?"